ద్విఘాత శకటానికి శ్రుతి చేయు విషయమై

గరికిన ఎల్లాజీ చేసిన నేరం ఒక్కటే. బండికి ట్యూనింగ్ చేసుకుంటానని కాగితం మీద రాసి అడిగాడు. అడక్కుండా చేసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు, తెలిసినా ఎవరికీ పట్టేది కాదు. కానీ అడగమని పైనుంచి ఆజ్ఞ ఉంది కాబట్టి అడిగాడు.

కొత్తరేవులో సముద్రం ఒడ్డున తీర సాహస క్రీడా మండలి అని ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. దానికి మేడ ఉంది, మేడ మీద జెండా ఉంది, లోపల సంచాలకులు, సూపరింటెండెంటు, గుమాస్తాలు అందరూ ఉన్నారు. సాహసం మాత్రం కాంట్రాక్టు మీద ఎల్లాజీ ఒక్కడే చేస్తుండేవాడు. వచ్చిన యాత్రికుల్ని వెనక కూర్చోబెట్టుకుని ఇసుక దిబ్బల మీద తిప్పడం అతని పని. జాలరిపేట కుర్రాళ్ళందరూ వేటకి పోతుంటే తను మాత్రం బండి తోలతానని చిన్నప్పుడే చెప్పేసినవాడు. మనిషి బక్కగా ఉంటాడు గానీ మీసం మాత్రం బాగా పెంచాడు, మాట కూడా ఆ మీసానికి తగ్గట్టే ఉంటుంది.

మండలి వారి బండి నాలుగు చక్రాల స్పోర్ట్స్ క్వాడ్. నడుమ మోటారు సైకిలు సీటు, ముందు హ్యాండిలు, పాత రోజుల ఆటోల్లో ఉండేలాంటి టూ స్ట్రోక్ ఇంజను. ఆయిలు కలిపిన పెట్రోలు తాగుతుంది, నీలం పొగ వదులుతుంది, రేజ్ ఇస్తే చెవులు గింగిరాలెత్తుతాయి. గట్టి నేల మీద పరుగెత్తడానికి చేసిన బండి అది. మెత్తటి ఇసుకలో దింపితే వెనక చక్రాలు తమ గొయ్యి తామే తవ్వుకుని అందులో కూర్చునేవి.

ఎల్లాజీ దాన్ని దిబ్బలకి పనికొచ్చేలా మార్చుకుంటూ వచ్చాడు. వెనక మామూలు టైర్లు పీకేసి తెడ్డు టైర్లు వేశాడు. వాటి మీద అడ్డంగా రబ్బరు పలకలు లేచి ఉంటాయి. పడవని తెడ్డు ఎలా నెడుతుందో అవి బండిని ఇసుకలో అలా నెడతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేచి వెల్లకిలా పడకుండా వెనక చక్రాల్ని ఇంకాస్త వెనక్కి జరిపించాడు. గాలి ఫిల్టరులోకి ఇసుక పోకుండా భార్య పోలమ్మ పాత లంగా చింపి తొడుగు కుట్టాడు. ఆ లంగా పాతది కాదని పోలమ్మ ఇప్పటికీ అంటుంది.

ఇంత చేసినా ఏనుగు దిబ్బ దగ్గర పప్పులుడకలేదు. కొత్తరేవు దిబ్బలన్నింటిలోకీ పెద్దది అది. సగం ఎక్కేసరికి ఇంజను మిస్సింగ్ కొట్టి చతికిలపడేది. కార్బరేటర్లో పెట్రోలు వదిలే జెట్టు మార్చాలి, సైలెన్సర్ పైపు మార్చాలి, అంతా సరిచూసుకుని ట్యూనింగ్ చెయ్యాలి. పోయినేడు ఎల్లాజీ సొంత తెలివి చూపించి మరీ చిన్న జెట్టు వేశాడు. పెట్రోలు చాలక ఇంజను వేడెక్కి పిస్టన్ పట్టేసింది. అప్పట్నుంచి, ఇంజను జోలికి పోవాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలని మండలి ఆజ్ఞ వేసింది.

ఈ ఏడు సంగతి వేరు. దేశం నలుమూలల నుంచీ బండ్లు తెప్పించి ఏనుగు దిబ్బ మీద పందెం పెడుతున్నారు. ముందుగా దిబ్బ కొసకి ఎక్కిన కొత్తరేవు మనిషికి మండలిలో దిబ్బ చోదకుడిగా పర్మనెంటు ఉద్యోగం ఇస్తామని ప్రకటించారు. ఆ ఉద్యోగం కోసం ఎల్లాజీ ఎన్నేళ్ళ నుంచో కళ్ళు కాయలు కాసేలా ఎదురు చూస్తున్నాడు.

"నానెక్కుతాను. ఆ దిబ్బ నెత్తి మీద నా బండి నిలబడకపోతే మీసం తీసీసి పేటంతా తిరుగుతాను," అని చేపల పాక దగ్గర అందరి ముందూ అనేశాడు. మీసం సంగతి అలా ఉంచితే, ఆ మాట అన్నాక వెనక్కి పోయే దారి లేదు.

అందుకని అర్జీ పట్టుకుని సూపరింటెండెంటు పట్నాయక్ గారి దగ్గరికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే మండలిలో భాషా శుద్ధి పక్షం నడుస్తోంది. పక్షమని పేరే గానీ మొదలుపెట్టిన వాళ్ళు ముగించే ఆజ్ఞ వేయడం మరిచిపోవడంతో నెలల తరబడి సాగుతోంది. ఫైల్లో ఇంగ్లీషు ముక్క కనిపిస్తే ఫైలు వెనక్కి కొట్టేయాలి. పట్నాయక్ గారు ఇంట్లో మనవణ్ణి ఇంగ్లీషు బడికి పంపించి ఆఫీసుకొచ్చి నిఘంటువు తెరుస్తుండేవారు.

"'టూ స్ట్రోక్ క్వాడ్ బండికి ట్యూనింగ్'," అని ఆయన అర్జీ పైకి చదివి కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇందులో మూడు పరాయి మాటలు చోటుచేసుకున్నవి. ఇది పరిశీలనార్హం కాదు."

"మరేటి రాయమంటారు బాబూ? మా షెడ్డులో అలగే అంటారు."

"షెడ్డు భాష వేరు, ప్రభుత్వ భాష వేరు. కూర్చో. నేనే సవరిస్తాను."

నిఘంటువు తిప్పారు. టూ స్ట్రోక్ ద్విఘాత అయింది. క్వాడ్ చతుశ్చక్ర శకటం అయింది. ట్యూనింగ్ దగ్గర ఆయన వేలు ఒక్క క్షణమైనా ఆగలేదు. నిఘంటువులో మొదటి అర్థం శ్రుతి చేయుట అని ఉంది. రెండో అర్థం కింది వరసలో ఉంది. మొదటి అర్థం దొరికాక రెండోదాని కోసం వెతికే అలవాటు ఆ ఆఫీసులో ఎవరికీ లేదు. 'ద్విఘాత చతుశ్చక్ర శకటమునకు శ్రుతి చేయు విషయమై' అని గుండ్రటి అక్షరాలతో రాసి కాగితం ఇటు తిప్పారు.

ఎల్లాజీకి అందులో ఒక్క ముక్కా అర్థం కాలేదు. పెద్ద మాటలున్నాయి కాబట్టి పని తొందరగా అవుతుందనుకున్నాడు. సంతకం పెట్టేశాడు.

ఫైలు సంచాలకులు దివాకర్ గారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన పెద్ద చదువులు చదివినవారు, విషయం చూసి ఫైలు ఎక్కడికి పంపాలో చిటికెలో చెప్పగలరు. శ్రుతి అన్న మాట చూశారు. శ్రుతి క్రీడా మండలి పరిధిలోకి రాదు. సంగీత వ్యవహారాల విభాగం పరిధిలోకి వస్తుంది. 'తగు చర్య నిమిత్తం' అని రాసి అక్కడికి పంపించారు.

కొన్నాళ్ళకి షెడ్డు ముందు జీపు ఆగింది. అందులోంచి పట్టు కండువా వేసుకున్న పెద్దాయన దిగి, వెనక సీట్లోంచి జాగ్రత్తగా తంబురా దింపుకున్నారు. నాద పర్యవేక్షణాధికారి సోమయాజులు గారు. వెంట పట్నాయక్ గారు కూడా ఉన్నారు. ఎల్లాజీ అప్పటికి కొత్త జెట్లు, వంకర పైపు ముందేసుకుని, అనుమతి వచ్చిందేమోనని చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"వాద్యం ఇదేనా నాయనా?" అన్నారు సోమయాజులు గారు.

"ఏ వాద్యం బాబూ? ఇది బండి."

"ఫైల్లో వాద్యమని స్పష్టంగా లేకపోయినా, శ్రుతి చేయవలసినది వాద్యమే అవుతుందని మా విభాగం అభిప్రాయపడింది. పలికించు, వింటాను."

ఎల్లాజీ ఒక్క తన్ను తన్నాడు. బండి గుక్క తిప్పుకోకుండా అందుకుంది. సోమయాజులు గారు తంబురా తీగ మీటి, కళ్ళు మూసుకుని, తల కాస్త వంచి విన్నారు. తీగ కాస్త బిగించారు. మళ్ళీ విన్నారు.

"ఇది ఆధార షడ్జమా?"

"అది అయిడిలింగు బాబూ."

"మందగతి," అన్నారు పట్నాయక్ గారు వెంటనే.

"ఇప్పుడు కొంచెం పైకి వెళ్ళు."

ఎల్లాజీ రేజ్ ఇచ్చాడు. శబ్దం సన్నగా సాగి పైకి లేచింది. సోమయాజులు గారి చెయ్యి దానంతటదే గాల్లో తిరిగింది.

"జారు గమకం బాగుంది. ఈ ద్విఘాత అన్నారే, అది తాళం కాబోలు. రెండు ఘాతలు సరే, తర్వాత విసర్జితం ఉండాలి గదా, చెయ్యి తిప్పి వెయ్యాలి. అదెక్కడ?"

ఎల్లాజీకి తాళం సంగతి తెలియదు. విసర్జితం అంటే మాత్రం వదిలిపెట్టడమని తోచింది.

"అది ఎనకాల పైపులోంచి అవుతాది బాబూ. నీలంగా కనబడతంది సూడండి."

"ఉన్నదన్నమాట," అని సోమయాజులు గారు రాసుకున్నారు. "లోపల నాదం పుట్టించేది ఏమిటి?"

"లోన రీడ్లుంటాయి బాబూ. గాలి లోనికెల్లేటప్పుడు తెరుసుకుంటాయి, మూసుకుంటాయి."

అది నిజమే. టూ స్ట్రోక్ ఇంజన్లో గాలి దారికి రేకుల్లాంటి రీడ్లుంటాయి. ఎల్లాజీ మంచికే చెప్పాడు. సోమయాజులు గారూ, పట్నాయక్ గారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రీడ్లున్నది హార్మోనియం. ఇంక అనుమానానికి తావు లేదు. పక్కన నేల మీద పడున్న పైపు చూసి సోమయాజులు గారు, "సన్నాయి కూడా ఉందే," అన్నారు.

వారం తిరక్కుండా ఆజ్ఞ వచ్చింది. సదరు శకటమునకు నాలుగున్నర శ్రుతి నిర్ణయించడమైనది. నిర్ణీత శ్రుతిని చోదకుడు తన ఇష్టానుసారం మార్చకుండా నిరోధించుటకై శబ్దాన్ని హెచ్చుతగ్గులు చేయు సాధనంపై లక్క ముద్ర వేయడమైనది. షెడ్డు తాళం తీసి, బండికి ఉన్న జెట్టు ముట్టుకోకుండానే, హ్యాండిలు మీద రేజ్ వైరు దగ్గర ఎర్ర లక్క కరిగించి ముద్ర గుద్దారు. బండి ఇప్పుడు ఒకే వేగంతో ఒకే మోత మోగుతుంది. ఎత్తు ఎక్కదు, పల్లంలో ఆగదు.

ఎల్లాజీ తిన్నగా సంచాలకుల గదికి వెళ్ళాడు. పట్నాయక్ గారు పక్కనే నిలబడి ఉన్నారు.

"బాబుగారూ, దిబ్బెక్కాలంటే రేజ్ ఇవ్వాలి. రేజ్ ఇత్తే శబ్దం మారకుండా ఎలగుంటాది?"

దివాకర్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "అనగా ఎత్తైన ప్రదేశాలలో శ్రుతి తప్పే ఉద్దేశం నీకు ముందు నుంచీ ఉన్నదన్నమాట."

"ఉద్దేశం కాదు బాబూ, ఇంజను తీరే అంత. మీరు ఆ శ్రుతి అన్న మాట కొట్టీయండి. నానడిగింది అది కాదు."

"సంతకం నీదే," అన్నారు పట్నాయక్ గారు నెమ్మదిగా. "నీ కోరికపై ఒక శాఖ యావత్తూ కదిలింది. ఇప్పుడు కోరలేదంటే తప్పుడు అర్జీ అవుతుంది."

"అయితే ఇంకో మాట రాసి మళ్ళీ పెడతాను. సర్వీసింగ్ అని రాయండి."

పట్నాయక్ గారు నిఘంటువు కోసం కూడా చూడలేదు. "సర్వీసింగ్ అంటే సేవ. సేవ దేవాదాయ శాఖకి వెళుతుంది. ఏ సేవ, సుప్రభాతమా పవళింపా అని అడుగుతారు. ఏం చెప్తావ్?"

ఎల్లాజీ మీసం తడుముకుంటూ బయటికి నడిచాడు. 

ఇంటికొచ్చి జరిగింది చెప్తే పోలమ్మ చేపలు తోముతూ విన్నది.

"గొంతు బాగులేదన్నారేటి? మిరియాల కసాయం పొయ్యి," అంది.

"నవ్వకే. ఉజ్జోగం పోతాది."

"నవ్వక ఏటి సెయ్యను. అరిసినా ఇనేవోడున్నాడా ఆ మేడలో? ఆ లక్క ముద్దేదో గోటితో గిల్లీ."

"గిల్లితే కేసంటారే."

 పోలమ్మ కత్తి కడిగి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంత వరకే అయితే ఏదో ఒక బండి ఖర్మ అనుకోవచ్చు. కానీ సంచాలకులకి ఇందులో పెద్ద అవకాశం కనిపించింది. ఇసుక మీద పందేలు ఎక్కడైనా పెడతారు, శ్రుతిబద్ధమైన పందెం ఎక్కడా లేదు. 'తీర నాద యాత్ర' అని కొత్త పేరు పెట్టి పత్రికల వాళ్ళని పిలిచి చెప్పారు. ఇందులో పాల్గొనే ప్రతి శకటమూ నాలుగున్నర శ్రుతిలోనే పలకాలన్నారు. బృందంలో శ్రుతి భేదం ఉంటే రసభంగమని వివరించారు. మరునాడు పత్రికలు ఫోటోతో సహా వేశాయి, ఏదో మంచి పనే అయి ఉంటుందని జనం అనుకున్నారు.

బయటి ఊళ్ళ నుంచి లారీల మీద బండ్లు దిగాయి. ఎక్కడెక్కడి కుర్రాళ్ళో, చేతులకి తొడుగులు, కళ్ళకి అద్దాలు వేసుకుని వచ్చారు. దిబ్బ కింద గుడారంలో సోమయాజులు గారు తంబురాతో కూర్చుని ఒక్కొక్క బండినే పలికించి, శ్రుతికి తెప్పించి, లక్క వేయిస్తున్నారు. ఫోర్ స్ట్రోక్ బండి వాళ్ళని చతుర్ఘాత వేరే తాళమని మొదటి గుమ్మంలోనే తిప్పి పంపేశారు. మిగతా వాళ్ళలో సగం మంది లక్క చూసి బండ్లు మళ్ళీ లారీ ఎక్కించుకున్నారు. ఒకడు వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. తిట్టే అయి ఉంటుంది, ఏ భాష తిట్టయినా అర్థమవుతుంది.

పందేనికి ముందు రోజు సాయంత్రం ఎల్లాజీ గుడారంలోకి వెళ్ళాడు. సోమయాజులు గారు ఒక్కరే ఉన్నారు, తీగలు వదులు చేస్తున్నారు.

"ఒక్క మాట అడుగుతాను బాబూ. ఎక్కడైనా బండి పాడతాదా?"

 ఆయన తంబురా గుడ్డలో చుట్టి పక్కన పెట్టారు.

"నాకు తెలియదనుకున్నావా నాయనా? సంగీతం నేర్చుకున్నవాణ్ణి. ఏది పాటో ఏది మోతో తెలియకపోతే ఎందుకు నేర్చుకున్నట్టు?"

"మరి?"

"మా విభాగానికి ఏళ్ళ తరబడి ఒక్క ఫైలు రాలేదు. మూసేస్తామన్నారు. నీ ఫైలు వచ్చాక మాకు గది ఇచ్చారు, కుర్చీలిచ్చారు, ఈ జీపిచ్చారు. నేనిప్పుడు ఇది బండి, వాద్యం కాదు అని రాస్తే రేపు నలుగురం వీధిన పడతాం."

ఎల్లాజీకి ఆయన మీద కోపం రావాలి. రాలేదు. తన కాంట్రాక్టు కాగితం కూడా ఏటా ఇలాగే బల్ల మీద ఊగుతుంటుంది. గుడారం తెర దించి వచ్చేశాడు.

తెల్లారి జాలరిపేట అంతా దిబ్బ చుట్టూ చేరింది. పోలమ్మ కొంగు బిగించి ముందు వరసలో నిలబడింది. వేదిక మీద దివాకర్ గారు, ఆయన పక్కన తంబురాతో సోమయాజులు గారు కూర్చున్నారు. కొత్తరేవు తరఫున ఎల్లాజీతో పాటు సంచాలకుల బావమరిది ప్రణవ్ కూడా బరిలో ఉన్నాడు. అతని బండి సరికొత్తది, సీటు మీద ప్లాస్టిక్ కాగితం ఇంకా తియ్యలేదు. ఆ కుర్రాడికి బండి నడపడం రాదని పేటంతటికీ తెలుసు. అతనికీ తెలుసు, అందుకే చాలా నిశ్చింతగా ఉన్నాడు.

జెండా ఊపారు. లక్క వేసిన బండ్లన్నీ ఒకే మోతతో కదిలాయి. వినడానికి నిజంగానే ఒద్దికగా ఉంది, వేదిక మీద కొందరు తలలూపారు. ప్రణవ్ బండి మాత్రం కదల్లేదు. అతను ఎన్నిసార్లు తన్నినా అది పలకలేదు. పెట్రోలు ట్యాపు తిప్పాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

దిబ్బ మొదట్లోనే ఇసుక మెత్తబడింది. ఒకే వేగంతో నెడుతున్న బండ్లు ఒక్కొక్కటే కూరుకుపోయాయి, ఇంజన్లు మూలిగి ఆగిపోయాయి. ఎల్లాజీ బండి కూడా ముక్కు దించింది. తెడ్డు టైర్లు ఇసుకని పట్టుకున్నాయి గానీ వాటికి కావలసిన బలం లక్క కింద ఉండిపోయింది. పైన దిబ్బ కొస కనిపిస్తోంది. వెనక పేట కనిపిస్తోంది.

ఎల్లాజీ బొటనవేలితో లక్క నొక్కాడు. అది పెళుసుగా విరిగి రాలింది.

రేజ్ అందుకోగానే బండి ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని లేచింది. మోత సన్నబడి, ఇంకా సన్నబడి, చెవిలో సూదిలా దిగింది. తెడ్లు ఇసుకని వెనక్కి ఎత్తి పోశాయి. దిబ్బ మీద ఒక్క క్షణం రేజ్ వదిలినా అంతే సంగతులు. మిస్సింగ్ కొట్టే చోటు వచ్చింది. అక్కడ గేరు దించి, హ్యాండిలు మీదికి మొత్తం ఒరిగి, పళ్ళు బిగించి వదలకుండా పట్టాడు. బండి రెండుసార్లు దగ్గింది. ఆగుతుందనుకున్నాడు. ఆగలేదు. వాలు తిరిగింది, ఆకాశం కనిపించింది, ముందు చక్రాలు ఏనుగు దిబ్బ నెత్తి మీద కూర్చున్నాయి.

ఆ వైపు సముద్రం ఉంది. వేట నుంచి తిరిగొస్తున్న పడవలు కనిపిస్తున్నాయి. ఎల్లాజీ బండి దిగకుండా అలాగే కూర్చుని ఏడ్చాడు. ఇంత ఆనందం అతనికి పెళ్ళిలో కూడా కలగలేదు, ఆ మాట తర్వాత పోలమ్మకి చెప్పి తిట్లు కూడా తిన్నాడు. కింద పేట కేకలు పైకి వినిపిస్తున్నాయి.

అతను దిగొచ్చేసరికి వేదిక మీద విచారణ మొదలైపోయింది.

"నాద పర్యవేక్షణాధికారి వారి అభిప్రాయం?" అన్నారు దివాకర్ గారు.

సోమయాజులు గారు లేచి నిలబడ్డారు. "ఆరోహణ అద్భుతం. ఇంత నిండైన ఆరోహణ నేను కచేరీల్లో కూడా వినలేదు."

"మేము అడిగినది ఆరోహణ గురించి కాదు. శ్రుతి?"

ఆయన ఎల్లాజీ వైపు చూశారు. తర్వాత తను లేచిన కుర్చీ వైపు చూసుకున్నారు.

"తప్పింది," అన్నారు.

పేట జనం గొల్లుమన్నారు. దివాకర్ గారు చెయ్యెత్తి ఊరుకోబెట్టి తీర్పు చదివారు. ఎల్లాజీ లక్క ముద్రను భగ్నం చేసి బహిరంగంగా అపస్వరం పలికించినందున అనర్హుడు. మిగిలిన శకటములు ఆగిపోయేటప్పుడు స్థాయి దిగజారి మూలిగినవి, అదియు అపస్వరమే. ఆసాంతమూ ఒక్క అపస్వరమైనా పలకని శకటము ఒక్కటే, అది శ్రీ ప్రణవ్ గారిది.

"ఆ బండి స్టార్టే అవలేదు బాబూ," అన్నాడు ఎల్లాజీ.

"నిశ్శబ్దంలో అపస్వరం ఉందని నీవు నిరూపించగలవా?" అన్నారు దివాకర్ గారు.

ఎవరూ నిరూపించలేకపోయారు. ప్రణవ్‌కి దండ వేసి దిబ్బ చోదకుడిగా పర్మనెంటు ఉత్తర్వు చేతికిచ్చారు. అతను సిగ్గుపడలేదు, పాపం అతనికి ఎందుకిచ్చారో కూడా సరిగ్గా తెలియదు.

ఆ తీర్పుతో మండలికి ఒక సత్యం బోధపడింది. ఇంజను పలికితే ఏనాటికైనా శ్రుతి తప్పే ప్రమాదం ఉంది. కాబట్టి ఇకపై మండలి శకటములన్నియు ఇంజను ప్రారంభించకుండానే దిబ్బలపై సంచరించవలెనని నియమం పెట్టారు. పెట్రోలు మిగిలింది, పొగ పోయింది, శ్రుతి నిలిచింది. పర్యావరణం వాళ్ళు వచ్చి పతకం కూడా ఇచ్చి వెళ్ళారు. ఒక్క చిక్కు మిగిలింది. ఇంజను లేకుండా బండి దిబ్బ ఎక్కాలంటే ఎవరో ఒకరు తొయ్యాలి.

'ఆరోహణ సహాయకుడు, కాంట్రాక్టు పద్ధతి' అని బోర్డు మీద కాగితం అంటించారు. ఎల్లాజీ చేరనన్నాడు. వేటకి పోతానన్నాడు, రెండు రోజులు పడవ కూడా ఎక్కాడు. ఒడ్డున తన బండిని ఇంకెవరో తప్పుగా పట్టుకుని తోస్తుంటే పడవలోంచి చూశాడు. మూడో రోజు వచ్చి సంతకం పెట్టాడు.

ఇప్పుడు ఏనుగు దిబ్బ మీదికి రోజూ ఒక ఊరేగింపు ఎక్కుతుంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ప్రణవ్ సీటు మీద కూర్చుంటాడు. అతని వెనక తంబురా ఒళ్ళో పెట్టుకుని సోమయాజులు గారు కూర్చుంటారు. చూడ్డానికి యాత్రికులు పక్కన నడుస్తారు. వెనక నుంచి ఎల్లాజీ తోస్తాడు. తెడ్డు టైర్లు మెల్లగా, చప్పుడు లేకుండా తిరుగుతాయి.

మొదటి రోజు తనిఖీకి దివాకర్ గారే వచ్చి పక్కన నడిచారు. దిబ్బ సగం దాటేసరికి ఎల్లాజీకి ఆయాసం వచ్చింది. నోరు తెరిచి రొప్పుతూ భుజం ఆనించి నెడుతున్నాడు. దివాకర్ గారు ఆగి చెవి ఒగ్గి విన్నారు.

"ఆ శబ్దం ఏమిటి?"

సోమయాజులు గారు తల తిప్పి చూశారు. ఎల్లాజీ మొహం చూడలేక మళ్ళీ ముందుకి తిప్పుకున్నారు.

"అతని ఊపిరండీ."

"శ్రుతిలో ఉన్నదా?"

 తంబురా తీగ ఒకసారి మోగింది.

"లేదండీ," అన్నారు సోమయాజులు గారు.

"అయితే ఆపమనండి."

"నాయనా ఎల్లాజీ," అన్నారాయన, వెనక్కి తిరక్కుండానే. "సంచాలకుల వారు ఊపిరి ఆపమంటున్నారు."

"తొయ్యడం ఆపాలా బాబూ?"

"తోయడం ఆపవద్దు," అన్నారు దివాకర్ గారు.

ఎల్లాజీ ఊపిరి బిగబట్టి తోశాడు.